600 షాఫ్టా, 700 షాఫ్టా? మా అమ్మాయి బాణాల డైరీ

మార్చి 2

పోయిన ఆదివారం గ్రౌండులో చూసినదాన్ని ముందు రాసుకుంటాను, మిగతా పనంతా అక్కడి నుంచే మొదలైంది కాబట్టి. మా అమ్మాయికి పదిహేనేళ్లు. రికర్వ్ విల్లు, అంటే కొసలు ముందుకు వంగి ఉండేది, వేళ్ల మీద పడే బరువు 34 పౌండ్లు, దూరం 60 మీటర్లు. ఆ రోజు ఒక ఎండ్‌లో, అంటే ఒక విడతలో, ఆరు బాణాలు వేస్తే నాలుగు నడిమి పసుపులో పక్కపక్కనే దిగాయి. రెండు మాత్రం కుడివైపు నీలంలో పడ్డాయి. టార్గెట్ దగ్గరికి నడిచి నంబర్లు చూస్తే 3, 9. తర్వాతి ఎండ్‌లోనూ అవే రెండూ, అదే వైపు. "నాన్నా, నేను అన్నీ ఒకేలా వదిలాను" అంది. నమ్మాను. చెయ్యి తప్పితే ఏ బాణమైనా పక్కకు పోతుంది. అదే నంబరు, అదే వైపు పోతోందంటే తప్పు చేతిలో లేదు.

నాకు ఆటోనగర్‌లో లేతు షాపు ఉంది. ఇరవై రెండేళ్లుగా బుష్షులు, షాఫ్టులు తిప్పుతున్నాను. అంగుళంలో వెయ్యో వంతును మా పనిలో థౌ అంటాం. ఇనప షాఫ్టులో రెండు థౌలు తేడా వస్తే కస్టమర్ వెనక్కి తెచ్చిస్తాడు. మా పిల్ల చేతిలో ఉన్న షాఫ్టుల్ని, అంటే బాణాల పొడుగు గొట్టాల్ని, మాత్రం ఇన్నాళ్లూ నేను గేజీ మీద పెట్టి చూడనేలేదు. అవి పేరు లేని కార్బన్ షాఫ్టులు, 6.2 మిల్లీమీటర్ల లోపలి బోరు, మొదట్లో నేర్చుకోవడానికి కొన్నవి. ఇప్పుడు కొత్త డజను కొనాలి. ఏది కొనాలో ఈసారి కొలిచి తేలుస్తాను.

మార్చి 5

రెండు రోజులుగా షాఫ్టుల రకాల గురించి చదివాను, కోచ్ సార్‌ని అడిగాను, గ్రౌండులో పెద్ద పిల్లల బాణాలు చేతిలో పట్టుకుని చూశాను. విజయవాడలో ఉండటం ఇందుకు అదృష్టం. బొమ్మదేవర ధీరజ్ ఈ ఊరి కుర్రాడే, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. కప్పీలుండే కాంపౌండ్ విల్లుతో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ కూడా ఇక్కడి అమ్మాయే. ఊళ్లో ఇంతమంది బాణం పట్టుకుంటున్నారు కాబట్టి ఏ గ్రౌండుకు వెళ్లినా నాలుగైదు రకాల షాఫ్టులు కంటపడతాయి.

ముందుగా స్పైన్. షాఫ్టు మీద 500, 600, 700 అని ఉండే నంబరు ఇదే. షాఫ్టును 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద పెట్టి, నడిమధ్య 1.94 పౌండ్ల బరువు, అంటే 880 గ్రాములు, వేలాడదీస్తే ఎన్ని థౌలు కిందికి దిగుతుందో అదే ఆ నంబరు. 600 అంటే 600 థౌలు, 15.24 మిల్లీమీటర్లు. నంబరు పెరిగేకొద్దీ షాఫ్టు మెత్తన. ఈ ఒక్క ముక్క తెలిశాక నాకు ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇది నా షాపులో కొలవగలిగిన సంగతి.

ఇది ఎందుకు అంత ముఖ్యమో అమ్మాయే నాకు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి చూపించింది. వేళ్ల నుంచి తాడు జారగానే బాణం నిటారుగా పోదు. తాడు వెనక నుంచి తోస్తుంటే పాము లాగా ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతూ రైజర్‌ను, అంటే విల్లు నడిమి పిడిని, తప్పించుకుని పోతుంది. ఆ వంపు విల్లు బలానికి సరిపడా ఉంటే తోక రైజర్‌కు తగలదు. మరీ గట్టిగా ఉన్నా, మరీ మెత్తగా ఉన్నా బాణం పక్కకు తిరుగుతుంది.

ఇక రకాలు. మా దగ్గరున్నవి చుట్టిన కార్బన్. బంకలో తడిపిన కార్బన్ నారల షీటును స్టీలు కడ్డీకి చుట్టి, వేడిలో గట్టిపరిచి, కడ్డీని లాగేస్తారు. పూతరేకు చుట్టినప్పుడు అంచు వచ్చి పడే చోట ఒక పొర ఎక్కువ ఉంటుంది కదా, దీంట్లోనూ అంతే. ఆ గీత వెంబడి షాఫ్టు కాస్త గట్టిగా ఉంటుంది. మొదటి తరం కార్బన్ బాణాల్లో నారలన్నీ పొడుగునా ఒకే దిక్కుకు ఉండేవట, అవి వెదురులా నిలువునా చీలేవి. చుట్టే పద్ధతి వచ్చాక ఆ బాధ తగ్గింది.

రెండో రకం అదే చుట్టిన కార్బన్, సన్నది, 4.2 మిల్లీమీటర్ల బోరు. గాలి తగిలే పక్క భాగం తక్కువ కాబట్టి బయట గ్రౌండులో పక్కకు తోసుకుపోవడం తక్కువ. మూడోది అల్యూమినియం కార్బన్. లోపల పల్చటి అల్యూమినియం గొట్టం, పైన కార్బన్. ఈస్టన్ కంపెనీ వాళ్ల ఏసీఈ, ఎక్స్10 రకాలు ఈ జాతివే. ఈ రెండూ నడుమ లావుగా, కొసల వైపు సన్నబడుతూ ఉంటాయి. ఎక్స్10 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి వచ్చింది, అప్పటి నుంచి పెద్ద పోటీల్లో రికర్వ్ వాళ్ల చేతుల్లో అదే ఎక్కువ. డజను ధర మా వీధిలో పాత స్కూటీ ధరకు దగ్గర.

ఇండోర్‌కి వాడే లావు షాఫ్టులు వేరే ఉన్నాయి. గీత తాకినా పై పాయింటు వస్తుంది కాబట్టి లావు లాభం. ప్రపంచ ఆర్చరీ నియమం 9.3 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. మాకు ప్రస్తుతం వాటితో పని లేదు.

మార్చి 9

స్పైన్ కొలిచే స్టాండు తయారైంది. పాత లేతు బెడ్డు ముక్క మీద రెండు వీ బ్లాకులు, నడుమ దూరం 711.2 మిల్లీమీటర్లు. బరువు కోసం 50 మిల్లీమీటర్ల ఈఎన్8 స్టీలు రాడ్డు 60 మిల్లీమీటర్ల పొడుగు కోసి, హుక్కుతో సహా తూకం వేస్తూ, లేతు మీద కొస చెక్కుతూ 880 గ్రాములకు దించాను. చివరి రెండు గ్రాములు ఎమరీ పేపరుతో.

కొలత దగ్గర నేనో పొరపాటు చేశాను. డయల్ గేజీ కింది నుంచి ఆనించి చూశాను. మామూలు గేజీ 10 మిల్లీమీటర్లే తిరుగుతుంది కాబట్టి పొడుగు ప్లంజరుది అరువు తెచ్చాను. పన్నెండు షాఫ్టులూ కొలిస్తే అన్నీ ఉండాల్సినదానికన్నా గట్టిగా చూపించాయి. రాత్రి పడుకున్నాక తట్టింది. గేజీ లోపల స్ప్రింగు ఉంటుంది. ఇనప షాఫ్టుకు ఆ స్ప్రింగు బలం లెక్కలోకి రాదు. పదకొండు గ్రాముల కార్బన్ గొట్టానికి అది చాలా ఎక్కువ. నేను వేలాడదీసిన బరువులో కొంత ఆ స్ప్రింగే మోసేస్తోంది.

పొద్దున్నే మార్చాను. షాఫ్టు నడిమధ్య సన్నటి రాగి తీగ రింగు చుట్టి, దానికి మల్టీమీటర్ ఒక వైరు, హైట్ గేజీ మొనకు ఇంకో వైరు. గేజీని మెల్లగా దించితే రింగును ముట్టుకున్న క్షణంలో బీప్ వస్తుంది. బరువు లేనప్పుడు ఒక రీడింగు, బరువు వేశాక ఒక రీడింగు, తీసివేత. ఒకే షాఫ్టును పదిసార్లు కొలిస్తే తేడా రెండు మూడు థౌలు దాటలేదు. ఇది చాలు.

ఇంట్లో ఎవరైనా ఇలా కొలవాలనుకుంటే ఒక మాట: షాఫ్టు కోయకముందే కొలవాలి. 28 అంగుళాల కన్నా చిన్నదైపోతే ఆనుల మీద నిలవదు.

మార్చి 11

పాత డజను ఫలితాలు. ప్యాకెట్టు మీద రాసింది 700. మధ్యలో ఎనిమిది షాఫ్టులు 690 నుంచి 708 దాకా ఉన్నాయి. 3వ నంబరు 741, 9వది 736. ఆ రెండూ మిగతావాటికన్నా మెత్తన. కుడిచేతి వాటం వాళ్లకు మెత్తటి బాణం కుడికి పోతుంది. నీలంలో పడ్డ చోటు అదే.

అమ్మాయిని షాపుకు పిలిచి కాగితం చూపించాను. చాలాసేపు చూసింది. "మూడు నెలలుగా ఈ రెంటితోనే ఏడ్చాను నాన్నా" అంది. మూడు నెలల పాటు పిల్ల తన వేళ్లను తాను అనుమానించుకుంది. ఆ కాగితం స్టాండు పక్కన గోడకు అంటించాను.

ఇంకోటి కూడా చూశాను. ప్రతి షాఫ్టునూ పావు తిప్పు పావు తిప్పు చొప్పున తిప్పుతూ కొలిస్తే, ఒకే షాఫ్టులోనే పది పదిహేను థౌలు మారుతోంది. చుట్టు అంచు పైకి వచ్చినప్పుడు గట్టిగా, పక్కకు పోయినప్పుడు మెత్తగా. అంటే పన్నెండు షాఫ్టులు బాగున్నా, తాడుకు తగిలించే తోక గాడి, అదే నాక్, ఎటు పెట్టామన్నది కూడా చూసుకోవాలి.

అమ్మాయి మొదలుపెట్టింది వెదురు విల్లుతో, ఆ విల్లుతోనే ఆడే ఇండియన్ రౌండు విభాగంలో. అప్పట్లో ఒక్కో వెదురు బాణానికీ ఒక్కో గుణం ఉండేది. నాలుగోది ఎడమకు, ఆరోది కిందికి అని కంఠతా చెప్పేది. కార్బన్‌కి మారాక అవన్నీ ఒకటేనని మేమిద్దరం అనుకున్నాం.

మార్చి 16

కోచ్ సార్‌తో మాట్లాడాను. ఏసీఈ కొనేద్దామా అని అడిగాను. అప్పు చేసైనా కొందామనే ఉంది నాకు. సార్ వెంటనే వద్దనలేదు. "చూడండి, పాప ఇప్పుడు 34. దసరాకల్లా 38కి తీసుకెళ్తాను. ఇవాళ్టి విల్లుకు అచ్చంగా సరిపోయే ఏసీఈ కొంటే అప్పటికి మెత్తనైపోతుంది. మళ్లీ డజను కొనగలరా?" అన్నారు. నిజమే. నేను ఆ మాట ఆలోచించలేదు. పెరిగే పిల్లకు చెప్పులు కొన్నట్టు కొనాలి, కాస్త పెద్దవి, కానీ ఇవాళ నడిచేలా.

ఇప్పుడు నేను వెతకాల్సింది అన్నిటికన్నా మంచి షాఫ్టు కాదు. ఇవాళ 34కి పనిచేసి, ఆరు నెలల తర్వాత 38కి కూడా సర్దుబాటయ్యేది.

మార్చి 23

పోల్చడానికి సరుకు వచ్చింది. 4.2 మిల్లీమీటర్ల సన్న కార్బన్ 600వి మూడు, 700వి మూడు విడిగా కొన్నాను. గ్రౌండులో సీనియర్ ఒకరు తన పాత ఏసీఈ 670లు మూడు వారం రోజులకు ఇచ్చారు.

స్టాండు మీద పెట్టాను. ఏసీఈ మూడూ 668, 671, 672. తిప్పి తిప్పి చూసినా రెండు మూడు థౌలకు మించి కదల్లేదు. ఇలాంటి పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. సన్న కార్బన్ 600లు 594, 603, 607. తిప్పితే ఆరేడు థౌలు. పాతవాటికన్నా సగం తేడా, ఏసీఈ కన్నా రెండింతలు.

వీ బ్లాకుల మీద తిప్పి వంకర కూడా చూశాను. ఒక ఏసీఈలో నాలుగు థౌల వంకర ఉంది. ఆయన చెప్పారు, టార్గెట్‌లో ముందు దిగిన బాణానికి తగిలిందట. లోపలి అల్యూమినియం ఒకసారి ఒంగితే ఒంగినట్టే ఉండిపోతుంది. పూర్తి కార్బన్‌కి ఆ గుణం లేదు. ఉంటే నిటారుగా ఉంటుంది, లేదంటే విరుగుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు అది ఒక రకంగా మేలు, పైకి కనపడని వంకర మిగలదు. కానీ లోపల చీలిక ఉండి పైకి కనపడకపోవచ్చు, దాని సంగతి తర్వాత రాస్తాను.

మార్చి 30

బేర్ షాఫ్ట్ పరీక్ష. రెక్కలు అంటించిన బాణాలు, రెక్కలు లేనివి, అంటే బేర్ షాఫ్టులు, 30 మీటర్ల నుంచి. రెక్కలున్నది దారిలో తనను తాను సరిచేసుకుంటుంది, లేనిది ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. కుడిచేతి వాటానికి బేర్ షాఫ్ట్ గ్రూపుకు ఎడమన పడితే గట్టి, కుడిన పడితే మెత్తన. ప్లంజర్, అంటే రైజర్ పక్కన బాణం ఆనే స్ప్రింగు బొడిపె, మధ్యస్థంగా పెట్టి, రోజంతా దాన్ని ముట్టుకోలేదు. రెండు మార్చితే దేని వల్ల ఏం జరిగిందో తెలీదు.

పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టాం. ఎనిమిది దాటితే కృష్ణ వైపు నుంచి గాలి లేస్తుంది.

700, పొడుగు 29 అంగుళాలు, 100 గ్రెయిన్ల పాయింటు (బాణం ముందు మొన; గ్రెయిన్ అంటే దాదాపు గ్రాములో పదిహేనో వంతు): బేర్ షాఫ్టులు కుడికి, జానెడు పైనే. మెత్తన. కోసి పొట్టి చేస్తే గట్టిపడుతుంది, ఇవాళ్టికి కుదురుతుంది. కానీ 38కి వెళ్లాక ఇంకా కోయడానికి ఏమీ మిగలదు. దీన్ని పక్కన పెట్టేశాం.

600, అదే పొడుగు, అదే పాయింటు: ఎడమకు, ఇంచుమించు 15 సెంటీమీటర్లు. గట్టి.

అమ్మాయి మొహం చిన్నబోయింది, రెండూ కుదరలేదని. అప్పుడు సార్ తన పెట్టెలోంచి విరిచే పాయింట్లు తీసిచ్చారు. వీటి వెనక కాడకు గాట్లు ఉంటాయి. మొత్తంగా 120 గ్రెయిన్లు. ఒక గాటు దగ్గర విరిస్తే 110, ఇంకోటి విరిస్తే 100. ముందు బరువు పెరిగితే షాఫ్టు ఎక్కువ వంగుతుంది, అంటే మెత్తటిదానిలా నడుస్తుంది.

600, 29 అంగుళాలు, 120 గ్రెయిన్లు: బేర్ షాఫ్టులు ఎడమకు మూడు నాలుగు సెంటీమీటర్లు. పది నిమిషాలు ఆగి మళ్లీ వేయించాను. అంతే. మూడోసారి కూడా అంతే.

ఇంటికి వచ్చే దారిలో ఆ లెక్క నాకు పూర్తిగా అర్థమైంది. విల్లు బరువు పెంచేకొద్దీ షాఫ్టు మెత్తగా ప్రవర్తిస్తుంది. అప్పుడు పాయింటు ఒక గాటు విరిస్తే మళ్లీ గట్టిపడుతుంది. రెండు గాట్లు అయిపోయాక అర అంగుళం కోయొచ్చు. ఒకే డజనుతో 34 నుంచి 38 దాకా వెళ్లే దారి ఉంది. 4.2 సన్న కార్బన్ 600, ఇంకో డజను ఆర్డర్ పెట్టాను. చేతిలో ఉన్న మూడుతో కలిపి పదిహేను.

పోగొట్టుకుంటున్నది కూడా రాయాలి. బాణం బరువెక్కింది కాబట్టి 60 మీటర్లకు సైట్‌ను, అంటే గురి చూసే పిన్నును, కిందికి దించాల్సి వచ్చింది. ఆ సైట్ ఇంకా బాణానికి తగలదు కానీ నడుమ ఖాళీ పెద్దగా లేదు.

ఏప్రిల్ 13

డజను వచ్చింది. పదిహేనూ కొలిచాను. 591 నుంచి 612. ఒక్కటి మాత్రం 626, దాన్ని బేర్ షాఫ్టుకు కూడా వాడను, పక్కన పెట్టాను. ప్రతి షాఫ్టుకూ గట్టి వైపు వెండి రంగు పెన్నుతో సన్న చుక్క పెట్టాను. ఆ చుక్క అన్నింట్లోనూ బయటి వైపుకు వచ్చేలా నాక్ తిప్పుతాం.

ఇవాళ కోత. ముందు పారేసే పాత షాఫ్టు మీద హాక్సా బ్లేడు పెట్టి చూశాను. నారలు చీపురు పుల్ల చివర్లా విచ్చుకున్నాయి. కార్బన్‌కి పళ్ల రంపం పనికిరాదు, పైపు కట్టరు అసలే పనికిరాదు, నలిపేస్తుంది. వేగంగా తిరిగే పల్చటి రాపిడి చక్రమే కావాలి. లేతు మీద ఒక బుష్షు తిప్పి, దాంట్లోంచి షాఫ్టు బయటికి వచ్చేలా, వెనక నాక్ వైపు స్టాపరు పెట్టాను. చక్రం తిరుగుతుండగా షాఫ్టును వేళ్లతో మెల్లగా తిప్పుతూ కోశాను. ఒకేసారి నొక్కితే అవతలి అంచు ఊడుతుంది.

ఆ నల్లటి దుమ్ము చాలా చెడ్డది. ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, చర్మానికి తగిలితే దురద. మాస్కు, కళ్లద్దాలు, చక్రం కింద తడి గోనె. అమ్మాయిని లోపలికి రానివ్వలేదు, కిటికీ అవతల నిలబడి చూసింది. అయిపోయాక తడిగుడ్డతో తుడిచాను. ఊదడం, చీపురుతో ఊడ్వడం చేయకూడదు.

కోసిన మొన నిటారుగా ఉందో లేదో చూడటానికి: అంచుకు మార్కర్ సిరా పూసి, వీ బ్లాకులో ఆనించి, నున్నటి రాయికి తాకిస్తూ తిప్పాలి. సిరా ఒక పక్కే పోతే అంచు వంకర. చుట్టూ సమానంగా పోయేదాకా తిప్పాను. పాయింటు భుజం ఆ అంచు మీద పూర్తిగా కూర్చోవాలి. లేకపోతే గట్టిగా దేనికైనా తగిలినప్పుడు దెబ్బంతా ఒక పక్కే పడి షాఫ్టు చీలుతుంది.

ఏప్రిల్ 14

కోసిన పద్నాలుగు షాఫ్టుల్ని గుడ్డలో చుట్టుకుని వన్‌టౌన్‌లో బంగారం పని చేసే నా మిత్రుడి దగ్గరికి వెళ్లాను. గ్రాములో నూరో వంతు చూపే త్రాసు వాళ్ల దగ్గరే ఉంటుంది. వాడు నగలు తూచే పళ్లెం తీసి, షాఫ్టు నిలబెట్టడానికి చిన్న స్టాండు చేసిచ్చాడు. "ఏరా, ఇది కూడా కాసుల లెక్కేనా?" అన్నాడు. అవునన్నాను.

11.32 గ్రాముల నుంచి 11.51 దాకా వచ్చాయి. గ్రాముకు 15.43 గ్రెయిన్లు కాబట్టి తేడా మూడు గ్రెయిన్లకు దగ్గర. చిన్నదే అనిపిస్తుంది. కానీ మొత్తం బాణం 310 గ్రెయిన్లు. ఒక శాతం బరువు తేడా వస్తే వేగం అర శాతంలోపు మారుతుంది. 60 మీటర్లు పోయేలోపు బాణం దాదాపు ఏడు మీటర్లు కిందికి జారుతుంది, ఆ జారుడులో తేడా ఐదు సెంటీమీటర్ల పైన. 122 సెంటీమీటర్ల టార్గెట్‌లో ఒక్కో రింగు వెడల్పు 6.1. అంటే త్రాసు మీది మూడు గ్రెయిన్లు స్కోరులో దాదాపు ఒక పాయింటుతో సమానం.

కాబట్టి గుంపులు చేశాను. బరువు ఒక గ్రెయిన్ లోపు, స్పైన్ పది థౌల లోపు కలిసినవి ఎనిమిది దొరికాయి. పోటీకి ఎండ్‌కి ఆరు, చేతిలో రెండు అదనం. మిగతా ఆరు ప్రాక్టీసుకు. ఏసీఈ, ఎక్స్10 కొనేవాళ్లకు ఈ పని కంపెనీయే బరువు గుంపులు కట్టి చేసిస్తుంది. ఆ ధరలో కొంత దీనికే అని నాకు ఇవాళ తెలిసింది, ఆ డబ్బు అన్యాయం కాదు.

ఏప్రిల్ 20

పాయింట్లు అంటించడం. హాట్ మెల్ట్ జిగురు, వేడికి కరిగేది. పాయింటును పటకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద వేడి చేసి, కాడకు జిగురు పూసి, తిప్పుతూ లోపలికి తోశాను. వేడి పాయింటుకే చూపాలి, షాఫ్టుకు ఎప్పుడూ చూపకూడదు. కార్బన్ నారలను పట్టి ఉంచే బంక వేడికి చెడిపోతుంది, పైకి తెలియదు, తర్వాత విరుగుతుంది. ఎప్పుడైనా పాయింటు తీయాల్సి వస్తే వేడి నీళ్లలో ముంచి తీస్తే చాలు.

రెక్కల పని అమ్మాయిదే. స్పిన్ వింగ్స్, పల్చటి ప్లాస్టిక్ రేకులు, వాటంతటవే మెలితిరిగి ఉంటాయి. ఆల్కహాల్‌తో షాఫ్టు తుడిచి, టేపు పెట్టి, ఒక్కో రేకూ ఊపిరి బిగబట్టి అంటించింది. నేను చేస్తానంటే ఇవ్వలేదు. ఎడమ చూపుడు వేలి గోరుతో రేకు అంచు నొక్కి, కుడిచేత్తో చివర సన్న టేపు చుట్టి, మళ్లీ గోరుతో ఒకసారి రాసింది. పద్నాలుగు బాణాలకూ ఒకే రీతిగా. వాళ్లమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది, తను లేవలేదు. ఆఖరున ప్రతి షాఫ్టు మీదా తన పేరు మొదటి అక్షరాలు రాసుకుంది. పోటీలో ఆ గుర్తు తప్పనిసరి, ఒకే ఎండ్‌లో వాడేవన్నీ ఒకే రంగు, ఒకే తీరు ఉండాలి.

బ్యాలెన్స్ చూశాం, అంటే బాణం వేలి మీద ఎక్కడ సమంగా నిలుస్తుందో. నాక్ గాడి నుంచి 19.4 అంగుళాల దగ్గర నిలిచింది. సగం పొడుగు 14.5. తేడాను 29తో భాగిస్తే 17 శాతానికి దగ్గర. బయట ఆడే రికర్వ్‌కి 11 నుంచి 16 మంచిదంటారు. మాది ముందుకు కాస్త బరువు. పాయింటు ఒక గాటు విరిచిన రోజు 16 లోపలికి వచ్చేస్తుంది.

మే 11

మొదటి నష్టం. తప్పు నాది. గ్రౌండు నుంచి వచ్చాక బాణాలు పెట్టే గొట్టం కారులోనే వదిలేశాను. మధ్యాహ్నం మూడింటి దాకా బెజవాడ మే నెల ఎండలో. సాయంత్రం మూడు బాణాలు లాగితే పాయింట్లు టార్గెట్‌లోనే ఉండిపోయాయి, షాఫ్టులు ఖాళీగా చేతికి వచ్చాయి. జిగురు మెత్తబడింది. తవ్వి తీసి మళ్లీ అంటించాం. ఇక నుంచి గొట్టం ఇంట్లోకి రావాలి, నీడలో. ఎండాకాలం మన ఊళ్లలో ఆడే పిల్లలందరికీ ఇది చెప్పాలి.

మే 18

ఇవాళ జరిగింది నేను మర్చిపోలేను.

6వ నంబరు బాణం టార్గెట్ స్టాండు ఇనప కాలికి తగిలింది. పైకి ఏమీ లేదు, గీత కూడా లేదు. అమ్మాయి తీసుకుని మళ్లీ క్వివర్‌లో, నడుముకు కట్టే అమ్ములపొదిలో, పెట్టబోయింది. సార్ ఆపారు. రెండు చివరలూ పట్టుకుని, మొహానికి దూరంగా, మెల్లగా విల్లులా వంచారు. ఏమీ లేదు. పావు తిప్పు తిప్పి మళ్లీ వంచారు. ఏమీ లేదు. మూడోసారి చిట్ మని సన్నటి శబ్దం, ఎండు మినప కాయ పగిలినట్టు. నా చేతికిచ్చి గోరుతో రాసి చూడమన్నారు. పాయింటు వెనక రెండు అంగుళాల దగ్గర, వెంట్రుక మందాన చీలిక గోరుకు తగిలింది, కంటికి కనపడలేదు.

ఆ బాణం తాడు మీద పెట్టి వదిలితే ఆ 34 పౌండ్ల తోపుకు మధ్యలో విరిగి, చీలికలు విల్లు పట్టుకున్న చేతిలోకి దిగేవి. సార్ అక్కడే దాన్ని రెండు ముక్కలు చేసి, చివరలకు టేపు చుట్టి చెత్తలో వేశారు. పొరపాటున కూడా మళ్లీ ఎవరూ వాడకుండా. ఇక నుంచి ప్రతి ఎండ్ తర్వాత, గట్టి దెబ్బ తగిలిన ప్రతి బాణాన్నీ వంచి, తిప్పి, చెవి పెట్టి వినాల్సిందే. కార్బన్ షాఫ్టు ఏ రకమైనా, ఎంత ధరదైనా, ఈ పరీక్ష తప్పించుకోకూడదు. రాత్రి అమ్మాయి చేత పదమూడు బాణాలూ ఒక్కొక్కటే వంచి చూపించుకున్నాను.

జూన్ 15

సార్ లింబ్స్, అంటే విల్లు పై, కింది కొమ్ములు, బిగించి బరువును 36 పౌండ్లకు తెచ్చారు. 30 మీటర్ల నుంచి బేర్ షాఫ్టులు గ్రూపుకు కుడివైపుకు జరిగాయి, బెత్తెడు. అనుకున్నట్టే.

సాయంత్రం షాపులో బాణాలన్నీ బల్ల మీద పరిచాం. పాయింట్లు వేడి నీళ్లలో ముంచి తీశాం. పాయింటు కాడను వైస్‌లో పట్టి, గాటు దగ్గర పటకారు వేసి, "నువ్వే విరువు తల్లీ" అన్నాను. మొదటిదానికి భయపడింది. టక్ మని తెగి, చిన్న ఇనప ముక్క బల్ల మీద దొర్లింది. పదమూడు ముక్కలూ ఒక అగ్గిపెట్టెలో వేసి దాచుకుంది. మళ్లీ అంటించి బ్యాలెన్స్ చూస్తే 19 అంగుళాల పైన వెంట్రుకవాసి, లెక్కకు 16 శాతం లోపు.

రేపు పొద్దున ఆరున్నరకు బేర్ షాఫ్టులు, ఆ తర్వాత 60 మీటర్లు, 72 బాణాలు. గొట్టం నా మంచం పక్కనే, గోడకు ఆనించి ఉంది.